కుర్చీని బట్టి కంప్యూటర్

జిల్లాకో ఆటల మార్పు శిక్షణ కేంద్రం పెట్టాలన్న ఆలోచన మంత్రిగారికి ఒక పెళ్ళి భోజనంలో పుట్టింది. ఎదుటి వరసలో కుర్రాడొకడు ఎడమచేత్తో ఫోన్లో ఆట ఆడుతూ, చూసుకోకుండా కుడిచేత్తో విస్తరాకు చింపి నోట్లో పెట్టుకోవడం ఆయన కంటపడింది. మంత్రిగారు కలత చెందారు. "మన పిల్లలు ఆటలు ఆడేవాళ్ళుగా మిగిలిపోకూడదు. ఆటలను మార్చేవాళ్ళు కావాలి" అన్నారు. పెళ్ళిలో కూడా చప్పట్లు కొట్టగల మనుషులు మంత్రుల వెంట ఎప్పుడూ ఉంటారు, కొట్టారు. ఐస్‌క్రీం వేళకు అది పథకమైంది. తాంబూలాల వేళకు నర్సాయిపేటకు ఒక కేంద్రం మంజూరైంది.

ఆటలను మార్చడమంటే మరీ బ్రహ్మవిద్య ఏమీ కాదు. ఎవరో తయారుచేసిన కంప్యూటర్ ఆటను తీసుకుని, అందులో మనకు కావలసినవి చేర్చుకోవడాన్ని మాడ్ చేయడం అంటారు. విదేశీ వీధుల్లో తిరిగే కారును తీసేసి మన ఆటో పెట్టొచ్చు. మంచు కురిసే చోట మామిడితోట వేయొచ్చు. గుండేటి స్రవంతికి ఈ పని వెన్నతో పెట్టిన విద్య. హైదరాబాదులో ఒక ఆటల కంపెనీలో ఏళ్ళ తరబడి చెట్లకు ఆకులు, బండ్లకు చక్రాలు గీసి గీసి విసుగెత్తి, పిల్లలకు నేర్పే ఉద్యోగమని నర్సాయిపేట కేంద్రంలో శిక్షకురాలిగా చేరింది. అది ఏడాది కాంట్రాక్టు. ఏడాది చివర రాజధానిలో జరిగే ప్రదర్శనలో కేంద్రం తరఫున ఒక్క మాడ్ అయినా చూపిస్తే కాంట్రాక్టు పొడిగిస్తారు. లేకపోతే ఇంటికి పంపిస్తారు. పాత ఉద్యోగం వదిలేసి వచ్చింది కాబట్టి, ఇది పోతే స్రవంతికి మరో దారి లేదు.

చేరిన రోజే డైరెక్టర్ వసంతరావుగారు ఆమెను పిలిచి, ఏమేం కావాలో రాసివ్వమన్నారు. వసంతరావుగారు చేపల శాఖ నుంచి డిప్యుటేషన్ మీద వచ్చినవారు. స్రవంతి అరపేజీలో రాసిచ్చింది. మధ్యరకం ప్రాసెసర్, పదహారు జీబీల ర్యామ్, బొమ్మలు తడబడకుండా కదలడానికి ఒక మోస్తరు గ్రాఫిక్స్ కార్డు, త్వరగా తెరుచుకునే ఎస్ఎస్‌డీ, వీలైతే పక్కన రెండో మానిటర్. సాఫ్ట్‌వేర్ చాలావరకు ఉచితంగానే దొరుకుతుంది. "కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు ఇది చాలు. ఇంతకంటే ఖరీదైనవి దండగ" అని కింద ఒక ముక్క కూడా చేర్చింది. సర్కారు కొలువు కొత్త కాబట్టి ఆ తప్పు చేసింది.

ఆ కాగితం సూపరింటెండెంట్ నాగభూషణాచారిగారి బల్లమీదికి వెళ్ళి, అక్కడే ఆగింది. నిబంధనల విషయంలో ఆచారిగారు జిల్లాలో పేరుమోసిన మనిషి. నిబంధన ఉన్నచోట దాన్ని చదువుతారు, లేనిచోట పుట్టిస్తారు.

"అమ్మా, ఇందులో కంప్యూటర్ గుణగణాలు రాశారు గానీ మనిషి గుణగణాలు రాయలేదు" అన్నారు ఆమెను పిలిపించి.

"మనిషివెందుకు సార్?"

"ఏ హోదా వారికో తేలకుండా ప్రభుత్వం వస్తువు కొనజాలదు."

"పిల్లలకు సార్. నేర్చుకునే పిల్లలకు."

ఆచారిగారు జాలిగా చూశారు. "పిల్లలకు హోదా లేదమ్మా" అన్నారు.

వారం తిరక్కుండానే కొనుగోళ్ళ కమిటీ సమావేశమైంది. కమిటీ అంటే డైరెక్టర్‌గారు, ఆచారిగారు, బిస్కెట్లు. మూలన స్రవంతిని కూర్చోబెట్టారు. ఏ హోదాకు ఎలాంటి కంప్యూటర్ అన్న విషయమై ప్రభుత్వ నిబంధనలు మౌనంగా ఉన్నాయని, అలా మౌనంగా ఉన్నప్పుడు దగ్గరి చుట్టమైన నిబంధనను ఆశ్రయించవలసి ఉంటుందని ఆచారిగారు సెలవిచ్చారు. దగ్గరి చుట్టం ఏదని డైరెక్టర్‌గారు అడిగారు.

"కుర్చీల నిబంధన సార్. అందులో అంతా స్పష్టం. డైరెక్టర్‌గారికి ఎత్తైన వీపు, చేతులు, మెత్త, చక్రాలు, పైన తువ్వాలు. సూపరింటెండెంట్‌కు చేతులు, మెత్త ఉంటాయి, చక్రాలు ఉండవు. జూనియర్ అసిస్టెంట్‌కు చేతులు లేవు. కాంట్రాక్టువారికి మెత్త కూడా లేదు. అటెండర్‌కు స్టూలు. విద్యార్థులకు ఉమ్మడిగా ఒక బెంచీ. ఇక కంప్యూటర్ ఎక్కడ ఉంటుంది? కుర్చీలో కూర్చున్నవారి ఎదుట ఉంటుంది. కావున కంప్యూటర్ అనునది కుర్చీకి కొనసాగింపు."

"లాజిక్ ఉంది" అన్నారు డైరెక్టర్‌గారు బిస్కెట్ టీలో ముంచుతూ.

మూలనుంచి స్రవంతి లేచి నిలబడింది. "సార్, అందరికంటె పెద్ద మిషన్‌తోని డైరెక్టర్‌గారు ఏం చేస్తరు? మాడ్ చేసేది పిల్లలు కదా?"

"డైరెక్టర్‌గారు దానితో చేయవలసింది ఏమీ లేదమ్మా. దాన్ని కలిగి ఉండవలసిన అవసరం ఉంది" అన్నారు ఆచారిగారు.

ఆ లెక్కన డైరెక్టర్‌గారికి నూట ఇరవై ఎనిమిది జీబీల ర్యామ్, మార్కెట్లో దొరికే అన్నిటికంటే బలమైన గ్రాఫిక్స్ కార్డు మంజూరయ్యాయి. ఆచారిగారికి అందులో సగం. అక్కడి నుంచి మెట్టు మెట్టుకీ పదో వంతు చొప్పున దిగుతూ వచ్చారు. కాంట్రాక్టువారి దాకా వచ్చేసరికి కంప్యూటర్‌లో చెప్పుకోదగ్గది బటన్ ఒక్కటే మిగిలింది. బెంచీకి సమానమైన కంప్యూటర్ ఏదన్నది కమిటీకి చిక్కు సమస్య అయింది. చివరికి, పాత తహసీల్ కార్యాలయంలో మూలపడేసిన ఒకదాన్ని తుడిచి ఇవ్వాలని తీర్మానించారు.

మానిటర్ల దగ్గర మరో మెలిక వచ్చింది. కిందివారి కుర్చీ పైవారి కుర్చీకంటే ఎత్తుగా ఉండరాదు కాబట్టి కిందివారి తెర కూడా పైవారి తెరకంటే వెడల్పుగా ఉండరాదు. మెట్టు మెట్టుకీ తగ్గించుకుంటూ వస్తే పిల్లల వంతుకు అరచేతంత తెర మిగిలింది. అంత చిన్నది కంపెనీలు తయారు చేయవు. దుకాణంవాడు మామూలుదే పంపాడు. ఆచారిగారు అట్టముక్క కత్తిరించి, దాని అంచులన్నీ మూసి టేపు వేయించారు.

డైరెక్టర్‌గారి కంప్యూటర్ వచ్చిన రోజు కొబ్బరికాయ కొట్టారు. దానికి ఒకవైపు అద్దం. లోపల ఎరుపు, నీలం, పచ్చ దీపాలు తిరుగుతుంటాయి. మొదటిసారి వెలిగించగానే వసంతరావుగారు రెండడుగులు వెనక్కి వేశారు. తర్వాత ధైర్యం చేసి, కుర్చీమీద వేసిన తువ్వాలు లాంటిదే ఇంకోటి తెప్పించి దాని మీద కప్పించారు. పెద్దమనుషులు వచ్చినప్పుడు మాత్రం తువ్వాలు తీసి, దీపాలు చూపించి, మళ్ళీ కప్పేసేవారు. ఆచారిగారు తన తెరకు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టుకున్నారు.

స్టూలు హోదా కింద అటెండర్ రాజవ్వకు కూడా ఒకటి వచ్చింది.

"నాకెందుకు సారూ గిది? నాకు ఫోనే సక్కగ రాదు" అంది రాజవ్వ.

"తీసుకోకపోతే స్టూలు కూడా వెనక్కి ఇవ్వవలసి వస్తుంది" అన్నారు ఆచారిగారు.

రాజవ్వ తీసుకుంది. అది వేడెక్కుతుందని కనిపెట్టి, దాని నెత్తిన సద్దిగిన్నె పెట్టుకుంది. ఆ కేంద్రానికి వచ్చిన కంప్యూటర్లలో మొదట పనికొచ్చింది అదే.

పిల్లల గదిలో మాత్రం ఒక్క పనీ సాగలేదు. వాళ్ళలో తబస్సుమ్ అని డిగ్రీ చదివే అమ్మాయి ఉంది. వాళ్ళ నాన్న నర్సాయిపేట బస్టాండులో గాజుల బండి పెడతాడు. బస్సులు నడిపే విదేశీ ఆట ఒకటి తీసుకుని, అందులో నర్సాయిపేట నుంచి ధర్మారం పోయే ఎర్ర బస్సును పెట్టాలని ఆమె పట్టుదల. ఆ ఆటలో జనం వరసలో నిలబడి ఎక్కుతారట. తన ఆటలో జనం బస్సు వెంట పరుగెత్తాలి, కిటికీలోంచి సీట్లో చేతిరుమాలు పడేయాలి, కండక్టర్ ఈల వెయ్యాలి. అంత చక్కటి ఆలోచన విన్న రోజు స్రవంతికి కడుపు నిండిపోయింది. కానీ కంప్యూటర్ మీట నొక్కితే సాఫ్ట్‌వేర్ తెరుచుకునే సరికి క్లాసు అయిపోయేది.

"మేడం, గిది తెరుసుకునేలోపట నేను బస్టాండుకు వోయి, నిజం బస్సెక్కి ధర్మారం వోయొస్త" అంది తబస్సుమ్.

స్రవంతి ఉండబట్టలేక డైరెక్టర్‌గారి దగ్గరికి వెళ్ళింది. తువ్వాలు కింద ఊరికే ఉన్న కంప్యూటర్‌ను పూటకు గంట పిల్లలకు ఇవ్వమని బతిమాలింది. వసంతరావుగారు చెడ్డమనిషి కాదు. ఇద్దామనే అనుకున్నారు. ఆచారిగారు అడ్డుపడ్డారు.

"డైరెక్టర్‌గారి కంప్యూటర్‌ను విద్యార్థి ముట్టుకోవడం, డైరెక్టర్‌గారి కుర్చీలో విద్యార్థి కూర్చోవడంతో సమానం. అయితే సార్, పని ఆగనక్కరలేదు. ప్రభుత్వంలో కిందివారు రాస్తారు, పైవారు అమలు చేస్తారు. పిల్లలు ఏ మార్పు కావాలో నోట్ పెట్టనివ్వండి. అది నా ద్వారా తమరికి వస్తుంది. తమరు ఆమోదించి, తమరే మౌస్ నొక్కుతారు."

ఆ విధంగా ఫైలు మీద మాడ్ చేయడం మొదలైంది. ఉచితంగా దొరికిన ఒక బస్సు బొమ్మను దుకాణంవాడి చేత డైరెక్టర్‌గారి కంప్యూటర్‌లోకి ఎక్కించారు. తబస్సుమ్ పెట్టిన మొదటి నోట్‌ను ఆచారిగారు తమ భాషలోకి మార్చారు: "బస్సు యొక్క ముందరి ఎడమ చక్రమును కించిత్ కిందికి జరుపుటకు అనుమతి కోరడమైనది." డైరెక్టర్‌గారు పక్కన "ఎందుకు?" అని రాసి వెనక్కి పంపారు.

"చక్రం గాల్ల ఉన్నది సార్. గందుకు" అంది తబస్సుమ్.

"ప్రస్తుతము సదరు చక్రము గాలిలో ఉన్నందున" అని ఫైలు మళ్ళీ పైకెళ్ళింది. గతంలో ఇలాంటి సందర్భంలో ఏం చేశారో తెలపమని కిందికొచ్చింది. గతంలో ఈ కేంద్రమే లేదని పైకెళ్ళింది. అయితే మాతృశాఖలో ఏం చేశారో చూడమని కిందికొచ్చింది. చేపల శాఖలో చక్రాలు గాలిలో నిలిచిన దాఖలా లేదని పైకెళ్ళింది. ఎండాకాలం పోయి వానలు పడ్డాయి. చక్రం మాత్రం గాలిలోనే ఉంది.

ఆమోదం వచ్చిన రోజు తువ్వాలు తీసి, అందరినీ పిలిచి, వసంతరావుగారు ఊపిరి బిగబట్టి మౌస్ నొక్కారు. నొక్కింది వేరేచోట. తెరమీద బస్సంతా మాయమైంది.

"సార్, ఏం గాదు! కంట్రోల్ జెడ్ నొక్కండి, మల్ల వస్తది" అంది స్రవంతి కంగారుగా.

వసంతరావుగారి వేళ్ళు కీబోర్డు మీదికి వెళ్ళాయి. ఆచారిగారు గొంతు సవరించుకున్నారు. "మౌఖిక సూచనల మీద చర్య తీసుకోరాదు సార్. బస్సు పునరుద్ధరణకు కొత్త ఫైలు తెరుద్దాం."

ఆ సాయంత్రం స్రవంతి ఇంటికొచ్చి గట్టిగానే ఏడ్చింది. ప్రదర్శన దగ్గరపడుతోంది. చేతిలో బస్సు లేదు, ఆ తర్వాత చేతిలో ఉద్యోగమూ ఉండదు. ఏడ్చి ఏడ్చి, ముఖం కడుక్కుని, హైదరాబాదులో పాత స్నేహితురాలికి ఫోన్ చేసింది. ఆమె ఒక వాడేసిన కంప్యూటర్ పంపింది. మధ్యరకం ప్రాసెసర్, పదహారు జీబీల ర్యామ్, ఎవరో వాడి వదిలేసిన గ్రాఫిక్స్ కార్డు. మొదట ఆ అరపేజీలో స్రవంతి అడిగింది కూడా ఇంతే.

ఇంటి ముందుగదిలో చాప వేసి పిల్లలు కూర్చున్నారు. ఒకరు బస్సుకు రంగు వేశారు. ఒకరు కండక్టర్‌కు బొజ్జ పెట్టారు. తబస్సుమ్ వాళ్ళ నాన్న బస్టాండులో బస్సు హారన్లు, ఈలలు, "జరుగుండ్రి జరుగుండ్రి" అన్న కేకలు ఫోన్లో పట్టుకొచ్చాడు. గాలిలో ఉన్న చక్రాన్ని తబస్సుమ్ కిందికి లాగేసింది. చిటికె వేసినంతసేపు కూడా పట్టలేదు. ప్రదర్శనకు చాలా ముందే బస్సు ధర్మారం చేరింది. వెనక జనం పరుగెత్తారు, చేతిరుమాళ్ళు గాలిలో ఎగిరాయి. పిల్లలు చాపమీద దొర్లి దొర్లి నవ్వారు. అన్నాళ్ళలో స్రవంతి మనసారా సంతోషపడింది అదొక్కసారే.

మాడ్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి తెచ్చి ఆచారిగారి ముందు పెట్టింది. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

"బస్సు వచ్చింది, బాగుంది. ఫైలు ఏదమ్మా? ఫైలు లేని బస్సు ఎక్కడి నుంచి వచ్చింది? ప్రైవేటు కంప్యూటర్ మీద తయారైనదాన్ని ప్రభుత్వం ప్రదర్శించజాలదు."

"మరి ఎట్ల సార్?"

"ఫైలు తయారు చేయండి."

పిల్లలు చదువులు మానుకుని, చేసిన ప్రతి మార్పుకూ ఒక నోట్ వెనకటి తేదీలతో రాశారు. మాడ్ చేయడానికి పట్టిన కాలం కంటే అవి రాయడానికి ఎక్కువ కాలం పట్టింది. ప్రతి నోట్ కిందా డైరెక్టర్‌గారు "ఆమోదించి, స్వయముగా అమలుపరచడమైనది" అని సంతకం చేశారు. చేతివేళ్ళు నొప్పిపుట్టి, ఆఖరి రోజుల్లో మాడ్ చేయడం ఎంత కష్టమో ఇప్పుడు తెలిసిందని అందరితో అనడం మొదలుపెట్టారు. నిజంగానే నమ్మారాయన.

ప్రదర్శనశాలలో డైరెక్టర్‌గారి కంప్యూటర్‌ను తువ్వాలుతో సహా దింపారు. అక్కడే, బల్లకు పూలదండ కడుతుండగా, ఆచారిగారు స్రవంతిని పక్కకు పిలిచారు.

"అమ్మా, మీ కాంట్రాక్టు విషయం. రికార్డు ప్రకారం మౌస్ నొక్కినవన్నీ డైరెక్టర్‌గారే నొక్కారు. మీ పాత్ర ఎక్కడా కనబడదు. ఉన్నది ఉన్నట్టు రాయాలి కదా. రేపటితో మిమ్మల్ని రిలీవ్ చేయవలసి ఉంటుంది. వ్యక్తిగతంగా నాకు బాధగానే ఉంది."

స్రవంతికి ఒళ్ళంతా మండిపోయింది.

ఇంతలో మంత్రిగారి శాఖ కార్యదర్శిగారు వచ్చారు. బస్సు ఆట ఆడి చూశారు. జనం పరుగెత్తడం చూసి పడీపడీ నవ్వారు. "ఇదంతా మీరే చేశారా?" అని డైరెక్టర్‌గారి భుజం తట్టారు. వసంతరావుగారు వినయంగా తల వంచారు.

"చాలా బాగుంది. ఒక్క చిన్న మార్పు. మంత్రిగారు లోపలికి వస్తున్నారు. బస్సు బోర్డు మీద ధర్మారం తీసేసి, ఆయన సొంతూరు గంగన్నపల్లె అని పెట్టండి. సంతోషిస్తారు. నిమిషంలో అయిపోతుందిగా?"

వసంతరావుగారి ముఖం పాలిపోయింది. మౌస్‌ను అటు కదిపారు, ఇటు కదిపారు. ఆచారిగారి వైపు చూశారు. ఆచారిగారు స్రవంతి వైపు చూశారు. ఆ చూపులో ఏనాడూ లేని ఆప్యాయత ఉంది.

"అమ్మా స్రవంతీ, కాస్త అది..."

నిజానికి నిమిషం కూడా పట్టదు. స్రవంతి వెంట వచ్చిన తబస్సుమ్ అప్పటికే ఒక అడుగు ముందుకు వేసింది. స్రవంతి ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"తప్పకుండ చేద్దాం సార్. నోట్ పెట్టండి" అంది.

"అమ్మా, సమయం లేదు..."

"మౌఖిక సూచనల మీద చర్య తీసుకోవద్దు కదా సార్."

ఆచారిగారు జీవితంలో ఎవరి చేతికీ అలా చిక్కలేదు. నిబంధనను ఎదిరించే అలవాటు లేక, నిలబడ్డచోటనే కాగితం తీసి నోట్ రాశారు. కార్యదర్శిగారు దానిమీద "సంబంధిత శిక్షకురాలి అభిప్రాయము కోరడమైనది" అని రాసి స్రవంతి చేతిలో పెట్టారు. అంతలో మంత్రిగారు రానే వచ్చారు. బస్సు ధర్మారం పోతుంటే చూసి, మా ఊరు పోదా అని అడిగారు. ఫైలు నడుస్తోందని కార్యదర్శిగారు మనవి చేశారు. మంత్రిగారు తృప్తిగా తలూపి పక్క బల్లకు వెళ్ళిపోయారు.

మర్నాడు కేంద్రంలో స్రవంతి సామాను సర్దుకుంటుంటే ఆచారిగారు పరుగు లాంటి నడకతో వచ్చారు.

"ఎక్కడికమ్మా? మంత్రిగారి ఊరి ఫైలు మీ దగ్గర పెండింగులో ఉంది. పెండింగు ఫైలు చేతిలో ఉన్నవారిని రిలీవ్ చేస్తే అది ఎవరి మెడకు చుట్టుకుంటుంది? నా మెడకు. అది తేలేదాకా మీ కాంట్రాక్టు పొడిగిస్తూ ఉత్తర్వు సిద్ధం చేశాను. దయచేసి సంతకం పెట్టండి."

స్రవంతి సంతకం పెట్టింది. చేతులున్న, మెత్త ఉన్న కుర్చీ కూడా ఆ మధ్యాహ్నమే వచ్చింది. మంత్రిగారి ఫైలు చూసేవారికి అంతకంటే తక్కువ కుర్చీ వేయకూడదట.

నెలకోసారి పైనుంచి ఆ ఫైలు సంగతి అడుగుతూ కాగితం వస్తుంది. ఈసారి వచ్చినప్పుడు తబస్సుమ్ పక్కనే ఉంది.

"మేడం, బోర్డు మార్చుడు ఎంతసేపు? నేను ఇప్పుడే మారుస్త, తేండి."

"వద్దమ్మా" అంది స్రవంతి. పిల్ల ముఖంలోకి చూడలేకపోయింది. సిగ్గేసింది. పని చేసినందుకు పోయిన ఉద్యోగం, పని చేయనందుకు నిలిచింది. ఆ సంగతి నేర్చుకోవలసిన వయసు కాదు ఆ పిల్లది.

తబస్సుమ్ వెళ్ళిపోయింది. స్రవంతి కలం తీసి "పరిశీలనలో ఉన్నది" అని రాసింది. ఆచారిగారి బల్ల నాలుగడుగుల దూరంలో ఉంది. ఆమె లేవలేదు. గంట కొట్టి, రాజవ్వను పిలిచి, ఫైలు అక్కడ పెట్టించింది.